తెరమీద తిరిగే చందమామ: లెక్క ఎంత? బొమ్మ ఎంత?

నిడమనూరు: సాగర్ ఎడమ కాలువ నీటిని పొలాల దాకా ఎవరూ నెట్టుకుంటూ రానక్కర లేదు. ఎగువన తూము ఎత్తితే చాలు, పల్లం వెతుక్కుంటూ తనంతట తానే వస్తుంది. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచీ ఈ ప్రాంతపు రైతుకు ఇది కళ్లెదుటి సంగతే. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. అయితే ఆ నీటిని పల్లానికి లాగే శక్తీ, చందమామను భూమి చుట్టూ తిప్పే శక్తీ ఒక్కటేనంటే మాత్రం చాలామందికి నమ్మబుద్ధి కాదు. బడిపిల్లలు పాఠం చదివి అప్పజెబుతారు. నమ్మకం కుదిరిందా అంటే అనుమానమే. చెట్టుమీది కాయ కింద పడుతోంది గదా, మరి చందమామ ఎందుకు పడదు?

ఈ ప్రశ్నను తెరమీద ఆడించి చూపించే కంప్యూటరు బొమ్మలు ఇప్పుడు చాలా ఉన్నాయి. సూర్యుణ్ణి బరువెక్కించవచ్చు, భూమిని తోయవచ్చు, చందమామను ఆపవచ్చు. కొన్ని సెల్‌ఫోనులో కూడా ఆడతాయి. వీటిని వాడినవారి అభిప్రాయాలు చూస్తే అవి రెండు పాయలుగా కనిపిస్తాయి. పుస్తకంలో ఎన్నాళ్లు చదివినా బుర్రకెక్కనిది తెరమీద కాసేపట్లో ఎక్కిందనేది ఒక మాట. బొమ్మ అందంగానే ఉంది గాని ఉన్నది ఉన్నట్టు చూపడం లేదనేది మరో మాట. రెండూ నిజమే. ఏ బొమ్మ ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ దాటవేస్తుందో తేల్చుకోవడానికి ఒకటే దారి. మనకు ముందే తెలిసిన సంగతిని దాని ముందు పెట్టి చూడాలి. అలాంటి సంగతులు నల్గొండ జిల్లా పెద్దవాళ్లకు కొదవ లేదు.

ఏడాదిలో నాలుగు వింతలు

1979 జులై నుంచి 1980 జులై దాకా గడిచిన ఆ ఏడాది తెలుగు పల్లెల వారికి ఆకాశం తప్ప మరో ముచ్చట లేదంటే అతిశయోక్తి కాదు. మొదటిది స్కైలాబ్. అమెరికావారు 1973 మేలో పైకి పంపిన 77 టన్నుల అంతరిక్షశాల అది. అది నేలకు జారుతోందని, ఎక్కడ పడేదీ చెప్పలేమని వార్తలు రాగానే ఊళ్లకు ఊళ్లు హడలిపోయాయి. ఎలాగూ పోతాం గదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో ఆ పేరుతోనే తెలుగు సినిమా కూడా వచ్చింది. 1979 జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

నెల తిరిగేసరికి, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన దేశపు తొలి ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్.ఎల్.వి.-3 లేచింది. అబ్దుల్ కలాం దానికి ప్రాజెక్టు డైరెక్టరు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వచ్చి, అయిదు నిమిషాలు దాటగానే అది బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నల్గొండ జిల్లా మీదుగానే సాగిపోయింది. అదే ఏడాది జులై 18న ఎస్.ఎల్.వి.-3 రెండోసారి లేచి, 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది.

ఒకటి పైనుంచి పడింది. ఒకటి పైకి చేరకుండానే పడింది. ఒకటి పడకుండా నిలిచింది. ఇంకొకటి ఎప్పటిలాగే తిరుగుతూ తిరుగుతూ పట్టపగలు సూర్యుణ్ణి మూసేసింది. నాలుగింటికీ మూలం భూమ్యాకర్షణ, కక్ష్యలే.

వడిసెల రాయి

పిల్లలకు మొదట చూపదగ్గ బొమ్మ ఏదని అడిగితే, ఎక్కువమంది ఉపాధ్యాయుల నోట వినిపించే పేరు ‘ఫెట్’. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వీమన్, ఆ సొమ్ములో కొంత పెట్టి 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ పనికి అంకురార్పణ చేశాడు. వాళ్ల బొమ్మల్లో ఒకటి ‘గ్రావిటీ అండ్ ఆర్బిట్స్’. తయారీ నడుస్తుండగానే విద్యార్థుల చేతికిచ్చి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి సరిదిద్దడం ఆ సంస్థ పద్ధతి. వాడుకకు తేలిక అని దానికి పేరు రావడంలో వింత లేదు.

అందులో సూర్యుడు, భూమి, చందమామ, అంతరిక్ష కేంద్రం ఉంటాయి. కావలసిన జత ఎంచుకోవాలి. ఆకర్షణ ఎటు లాగుతోందో ఒక బాణం, వస్తువు ఎటు పోతోందో ఇంకొక బాణం చూపుతాయి. అన్నిటికన్నా విలువైనది ఆకర్షణను ఆపేసే మీట. అది నొక్కగానే అంతదాకా గుండ్రంగా తిరుగుతున్న భూమి, ఉన్నచోటి నుంచి గీత గీసినట్టు తిన్నగా వెళ్లిపోతుంది.

జొన్న చేలో పిట్టలు తోలినవారికి ఇది కొత్త కాదు. వడిసెల తిప్పుతున్నంతసేపూ రాయి చుట్టూ తిరుగుతుంది. తాడు కొస వదిలితే తిన్నగా దూసుకుపోతుంది. తిప్పుతున్నప్పుడు చేయి రాయిని తన వైపే లాగుతోంది, బయటికి నెట్టడం లేదు. చందమామ కూడా అంతే. అది ప్రతి క్షణం భూమి వైపు పడుతూనే ఉంది. పక్కకు పోయే వేగం ఉండడం వల్ల పడినకొద్దీ భూమి గుండ్రదనం దాని కింద నుంచి తప్పుకుంటూ ఉంటుంది. పడకపోవడం కాదు, పడుతూ తప్పిపోవడం. పుస్తకంలో ఈ వాక్యం చదివి తల ఊపే పిల్లవాడు, తెరమీద మీట నొక్కి చూశాక మాత్రం తన మాటల్లో చెప్పగలుగుతాడు. ఈ బొమ్మను మెచ్చుకునేవారు ముఖ్యంగా మెచ్చుకునేది దీన్నే.

మరో తమాషా కూడా ఉంది. సూర్యుడి ద్రవ్యరాశిని ఉన్నట్టుండి సగానికి తగ్గిస్తే, భూమి మెల్లగా దూరమైపోయి మళ్లీ తిరిగి రాదు. భూమి ద్రవ్యరాశి మార్చితే మాత్రం ఆకర్షణ బాణం పొడుగవుతుందే గాని దారి మారినట్టు కనిపించదు. బరువైన దానికి లాగుడు ఎక్కువ, కదిలించడానికి పట్టే బలమూ అంతే ఎక్కువ. రెండూ సరికి సరి. పెద్ద రాయీ చిన్న రాయీ బావిలో వేస్తే ఒకేసారి నీళ్లను తాకడం వెనక ఉన్న సంగతీ ఇదే. పెద్దలెవరూ పక్కన లేకపోతే పిల్లలు ఇవేవీ చూడరు, భూమిని తీసుకెళ్లి సూర్యుడికి గుద్దించి పేలుడు చూసి కేరింతలు కొడతారు. అది బొమ్మ తప్పు కాదు లెండి.

శనగగింజా, ఆవగింజా

ఇక ఫిర్యాదుల సంగతి. ఈ రకం బొమ్మలన్నిటి మీదా మొదట వినిపించేది కొలతల గొడవ. తెరమీద సూర్యుడు కొబ్బరికాయంత, భూమి నిమ్మకాయంత, చందమామ దాని పక్కనే. చూసిన పిల్లవాడు ఆకాశం నిజంగా అలాగే ఉందనుకుంటాడు. ఫెట్ వారు కూడా ఇది గ్రహించి, నిజమైన కొలతలతో మరో తెర విడిగా పెట్టారు. అందులోకి వెళితే భూమి చుక్కై కనిపించకుండా పోతుంది, పిల్లవాడు వెంటనే విసుగెత్తి మొదటి తెరకే వస్తాడు. చూడముచ్చటగా ఉన్నది నిజం కాదు, నిజమైనది కంటికి ఆనదు. ఇది తీరే చిక్కు కాదు.

దీనికి కంప్యూటరు కన్నా బడి ఆవరణే మేలు. భూమిని శనగగింజ అనుకుంటే చందమామ ఒక ఆవగింజ. రెంటికీ మధ్య దూరం జానెడు. సూర్యుడు మూడడుగులకు కాస్త తక్కువ గోళం. దాన్ని నిలబెట్టవలసిన చోటు శనగగింజకు సుమారు వంద గజాల అవతల. ఈ కొలతలతో పిల్లలను ఒక్కసారి నిలబెట్టి, ఆ తరువాత తెర చూపిస్తే బొమ్మ చెప్పే చిన్న అబద్ధం వాళ్లను ఏమీ చేయలేదు. తెర ముందు చూపించి, కొలతలు తరువాత చెబుదామనుకుంటే మాత్రం ఆలస్యమైపోతుంది.

రోహిణిని నిలపడం ఎంత కష్టం

రాకెట్టు సంగతి తెలుసుకోదలచిన పెద్దపిల్లలు ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం’ అనే ఆట వైపు పోతారు. 2011లో మెక్సికోలో పుట్టిందది. డబ్బు పెట్టి కొనాలి, మంచి కంప్యూటరు కావాలి. తనకు తోచిన రాకెట్టు కట్టుకుని, పేల్చుకుని, పడగొట్టుకుని నేర్చుకోవలసిందే. ఆడినవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది. పైకి వెళ్లడం కష్టం కాదు, పైన నిలవడమే కష్టం. తిన్నగా పైకి పోయిన రాకెట్టు ఎంత ఎత్తుకు పోయినా మళ్లీ నెత్తిన పడుతుంది. పక్కకు వాల్చి వేగం అందిస్తేనే కక్ష్య.

1979లో ఆగిపోయినదీ, 1980లో నెరవేరినదీ ఆ వేగమే. రోహిణి నేలకు దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 305 కిలోమీటర్ల ఎత్తున, దూరంగా ఉన్నప్పుడు 919 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. గుండ్రటి దారి కాదు, కోడిగుడ్డు వాటం. దగ్గరికొచ్చినప్పుడు జోరు, దూరమైనప్పుడు నెమ్మది. ఉయ్యాల కింద నుంచి పోయేటప్పుడు జోరుగా, పై కొసకు చేరినప్పుడు నెమ్మదిగా ఉండడం లాంటిదే. ఈ ముచ్చట ఆటలో చక్కగా కనిపిస్తుంది.

అయితే ఈ ఆటలోని భూమి మన భూమి కాదు, కెర్బిన్ అనే కల్పిత గ్రహం. దాని వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, మన భూమికి 6,371. అక్కడ సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కక్ష్య దొరుకుతుంది. ఇక్కడ దాదాపు ఎనిమిది కావాలి. ఆటలో గెలిచిన కుర్రవాడు, ఇంత తేలికైన పనికి ఇస్రో అంత కష్టపడాలా అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఈ తేడా ఎరిగినవారు ‘ఆర్బిటర్’ మేలంటారు. మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రజ్ఞుడు 2000లో విడుదల చేశాడు. ఉచితం. అసలు కొలతలతో ఉంటుంది. నేర్చుకోవడానికి ఓపిక ఎక్కువ కావాలి, అందుకే మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారూ ఎక్కువే.

ఈ స్కైలాబ్ ఎన్నటికీ పడదు

నాలుగు వింతల్లో చిన్న బొమ్మలు బోర్లాపడేది స్కైలాబ్ దగ్గరే. ఫెట్ తెరమీద అంతరిక్ష కేంద్రాన్ని భూమి చుట్టూ తిప్పి వదిలేయండి. రాత్రంతా తిప్పినా, నెలంతా తిప్పినా ఆ దారి మారదు. అందులో గాలి లేదు మరి. కెర్బల్ ఆటలో గాలి ఉంది గాని 70 కిలోమీటర్ల ఎత్తున గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ పైన తిరిగేది ఎన్నేళ్లయినా జారదు.

నిజానికి గాలికి అలాంటి సరిహద్దు లేదు. నాలుగు వందల కిలోమీటర్ల పైన కూడా నామమాత్రంగా ఉంటుంది. సూర్యుడిలో అలజడి ఎక్కువైనప్పుడు ఆ పై గాలి వేడెక్కి ఉబ్బుతుంది. స్కైలాబ్‌కు జరిగింది అదే. అంచనా కన్నా ముందుగానే ఆ గాలి రాపిడికి జోరు చచ్చి, దిగి, మరింత చిక్కటి గాలిలో చిక్కుకుని, చివరికి మండుతూ పడింది. ఇప్పటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా ఇలాగే కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. దాన్ని అప్పుడప్పుడు రాకెట్టు మంటతో పైకి నెడుతుంటారు.

ఆ రోజుల్లో భయపడినవారిని ఇప్పుడు తక్కువ చేసి నవ్వుకోవడం కొందరికి సరదా. కానీ పడుతుందనుకోవడం మూఢనమ్మకం కాదు, పడింది. ఎక్కడ పడుతుందో చెప్పలేని మాట కూడా నిజమే, చెప్పలేకపోయారు. పల్లెవాళ్లకు అందనిది పడటానికి కారణం, ప్రమాదం ఎంతన్న లెక్క. బొమ్మను మాత్రమే నమ్ముకున్న పిల్లవాడు ఇంకో తప్పులో పడవచ్చు. పైకి పంపినది ఇక ఎప్పటికీ పడదనుకోవచ్చు. గాలి రాపిడిని కూడా లెక్కగట్టే సాధనాలు లేకపోలేదు. నాసావారి ‘జీమ్యాట్’ అలాంటిదే, ఉచితమే. కాకపోతే అది ఇంజనీర్ల పనిముట్టు, బడిపిల్లల బొమ్మ కాదు.

గొలుసు పెద్దదైతే

‘యూనివర్స్ శాండ్‌బాక్స్’ వాడినవారు చెప్పుకునే చిక్కు ఒకటి పొలం కొలిపించిన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఇది గ్రహాలను ఢీకొట్టించి చూడటానికి చాలామంది కొనే సరుకు. కళ్లు చెదిరేలా ఉంటుంది. ఖరీదైన కంప్యూటరు లేకపోతే కదలదు. అందులో కాలాన్ని మరీ జోరుగా పరిగెత్తిస్తే గ్రహాల చుట్టూ తిరిగే చందమామలు ఉన్నట్టుండి దారి తప్పి ఎగిరిపోతాయి.

కారణం ఇదీ. కంప్యూటరు వంపును వంపుగా గీయదు. ఈ క్షణం వస్తువు ఎక్కడుంది, ఎంత లాగుడు, ఎటు పోవాలి అని చూసి, ఒక అడుగు తిన్నగా వేయిస్తుంది. మళ్లీ చూసి మరో అడుగు. వంకర కాలువగట్టును చిన్న గొలుసుతో కొలిస్తే కొలత సరిగ్గా వస్తుంది, పొడుగు గొలుసుతో కొలిస్తే మలుపు మలుపుకూ కొంత తెగిపోతుంది. కాలాన్ని జోరెక్కిస్తే కంప్యూటరు గొలుసు పొడుగవుతుంది. మలుపు దగ్గర పోయిన కొలత పోగై, చివరికి చందమామే పోతుంది. కాబట్టి తెరమీద గ్రహం ఎగిరిపోతే కంగారు పడనక్కర లేదు, వేగం తగ్గించి మళ్లీ చూడాలి. అప్పుడూ పోతే అది నిజంగా పోయేదే.

పంచాంగం వంటిది ఒకటి

గ్రహణం చూడదలచుకుంటే పైవాటిలో ఏదీ పనికిరాదు. దానికి ‘స్టెల్లేరియం’ ఉంది. అదీ ఉచితమే. దీన్ని తెచ్చుకుని, ఇందులో గ్రహాలను కదిలించడం కుదరడం లేదని విసుక్కున్నవారు లేకపోలేదు. వాళ్లు కావలసినది ఒకటి, తెచ్చుకున్నది మరొకటి. చందమామ ఎందుకు తిరుగుతోందో స్టెల్లేరియం చెప్పదు. ఫలానా రోజున, ఫలానా ఊరి నుంచి చూస్తే ఎక్కడ కనిపిస్తుందో చెబుతుంది. ఒక్కమాటలో అది పంచాంగం. ఫెట్ వడిసెల. పంచాంగం గణించేవారు కూడా ఆకర్షణ సూత్రం పుట్టకముందు నుంచే, తరతరాలుగా కూడబెట్టిన లెక్కలతో గ్రహణాలు చెబుతూ వచ్చారు గదా. న్యూటన్ ఆ సూత్రం ప్రకటించింది 1687లో. వడిసెల బొమ్మను పంచాంగంలా, పంచాంగపు బొమ్మను వడిసెలలా వాడబోయి బాగాలేదనడం వల్లనే సగం చెడ్డపేరు వస్తోంది.

స్టెల్లేరియంలో ఊరు నిడమనూరుగా, తేదీ 1980 ఫిబ్రవరి 16గా, సమయం మధ్యాహ్నం మూడుంబావుగా పెట్టి నడిపిస్తే, సూర్యుణ్ణి చందమామ కొద్దికొద్దిగా కొరుక్కుంటూ పోతుంది. మూడున్నరకూ నాలుక్కూ నడుమ పూర్తిగా మూసేస్తుంది. ఆకాశం మసకేస్తుంది, పట్టపగలు శుక్రుడు కనిపిస్తాడు. రెండు నిమిషాలకు అటూ ఇటూగా మళ్లీ వెలుగు.

ఆ మధ్యాహ్నం ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించుకుని ఆ రెండు నిమిషాల కోసం కాచుకున్నారు. ఊళ్లలో మాత్రం జనం తలుపులు బిగించుకున్నారు. గర్భిణులను గడప దాటనివ్వలేదు. కళ్లు పోతాయన్న భయంలో నిజం ఉంది. సూర్యుణ్ణి ఏ రోజునా వట్టి కళ్లతో చూడకూడదు. కానీ పూర్తిగా మూసుకున్న ఆ కాసేపు వట్టి కళ్లతో చూసినా ముప్పు లేదని చాలామందికి చెప్పినవారు లేరు. ఒకే చోటికి సంపూర్ణ సూర్యగ్రహణం మళ్లీ రావాలంటే సగటున మూడు వందల డెబ్బయ్ ఏళ్ల పైనే పడుతుంది. తలుపు వెనక కూర్చున్నవారికి పోయినది ఇంతా అంతా కాదు.

అప్పటి పిల్లలు ఇప్పుడు తాతలు, నాయనమ్మలు. మనవడి చేతిలోని ఫోనులో ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ నడిపించుకుని, తాము చూడని ఆకాశాన్ని ఇప్పుడు చూసుకోవచ్చు. చూసినవారుంటే మరీ మంచిది. కోళ్లు గూటికి చేరాయా, గాలి చల్లబడిందా అన్నది తెర చెప్పలేదు, వాళ్లే చెప్పాలి.

బడుల విషయానికి వస్తే, ఫెట్ బొమ్మను ఒకసారి దించుకుంటే ఆ తరువాత ఇంటర్నెట్ లేకపోయినా ఆడుతుంది. పాతబడిన కంప్యూటరు ఒక్కటి ఉన్నా చాలు. మీటల మీది ఇంగ్లీషు మాటలు పిల్లలకు అడ్డొస్తే ఉపాధ్యాయుడు నాలుగు మాటలు బోర్డుమీద తెలుగులో రాసి పెట్టవచ్చు. స్టెల్లేరియంలో ముందుకు కూడా పోవచ్చు. 2031 మే 21న వలయాకార సూర్యగ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా సాగుతుంది. నల్గొండ జిల్లాలో పాక్షికంగా కనిపిస్తుంది. నిడమనూరులో ఆ రోజు ఎన్ని గంటలకు పట్టేదీ, సూర్యుడిలో ఎంత మేర మూసుకునేదీ ఇప్పుడే చూసి గోడమీద రాసిపెట్టుకోవచ్చు. పాక్షికం కాబట్టి ఆ రోజు మాత్రం మొదటి నుంచి చివరి దాకా గ్రహణపు కళ్లద్దాలు తప్పనిసరి.